మెల్లగా చెప్పలేని మాట

కంబదూరులో జాజ్ సంగీతం గురించి వాదించుకునేవాళ్లం ముగ్గురమే ఉండేవాళ్లం. ఒకరు గుంతకల్లులో రైల్వే గార్డుగా చేసి రిటైరై సొంతూరు చేరిన పెద్దాయన. రెండోవాడు నాతో చదువుకున్న స్నేహితుడు, బోర్లు వేసే రిగ్గు మీద ఆపరేటరు. మూడోవాణ్ణి నేను, గ్రంథాలయంలో పని. ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను.

పెద్దాయనకు ఆ సంగీతం రైల్వే కాలనీలో అలవాటైంది. తోటి గార్డుల దగ్గరున్న రికార్డులను క్యాసెట్లలోకి ఎక్కించుకుని, ఒక ట్రంకు పెట్టెలో తెచ్చుకున్నాడు. తొంభైల చివర్లో మా వాడు ఆయన చేన్లో బోరు వేశాడు. నీళ్లు పడలేదు. బండి సర్దుకుంటూ, షెడ్డులో మోగుతున్న టేపు విని అక్కడే నిలబడిపోయాడట. తర్వాతి ఆదివారం నన్నూ తీసుకుపోయాడు.

ఏ ఆల్బమ్ గొప్పది అన్నదే మా వాదన. పెద్దాయనది ట్రంపెట్ పక్షం. తొందర లేకుండా, చాలా కొద్ది స్వరాలతో సాగే ఒక ఆల్బమ్‌ను మించింది లేదనేవాడు. మా వాడిది శాక్సఫోన్. మొక్కు తీర్చుకుంటున్నట్టు ఊపిరంతా పోసి వాయించిన ఒక ఆల్బమ్ వాడికి ప్రాణం. నాకు పియానో వాయించే ఒకాయన నచ్చేవాడు. తప్పు మీట నొక్కాడే అనిపిస్తుంది, కానీ అది తప్పు కాదు.

"మీ ట్రంపెటాయన కూడు తిని పండుకోని వాయించినాడు పెద్దాయనా" అనేవాడు మా వాడు.

"నీ శాక్సఫోనాయన ఎవుర్నీ పండుకోనీడు. అది గొప్పేమిరా?"

"ఇంగ ఈయప్ప పియానో వింటే, అటక మీద ఎలకలు ఉరికినట్ల ఉంటాది" అని మా వాడు నా వైపు తిరిగేవాడు.

పేరు చూసి పొగడకూడదని పెద్దాయన క్యాసెట్ల మీది కాగితాలన్నీ పీకేశాడు. ఒకరు ఏదో ఒక క్యాసెట్‌ను మధ్యలోంచి వేయాలి. వాయించేది ఎవరో, ఏ ఆల్బమో మిగిలిన ఇద్దరూ చెప్పాలి. చెప్పలేనివాడికి ఆ వారం వాదించే హక్కు ఉండదు. మా వాడు అందరికంటే ముందు చెప్పేవాడు. రిగ్గు మీదా అంతే. రాడ్డు దిగే చప్పుడును బట్టి కింద తగిలింది ఏ రాయో, ఇంకా లోతుకు పోతే లాభముందో లేదో చెబుతాడని కుందుర్పి దాకా పేరు.

రెండువేలు దాటాక, ఒక ఎండాకాలం, వాడి జవాబులు ఆలస్యం కాసాగాయి. టేపు మోగేటప్పుడు వాడు టేపు వైపు చూడటం లేదు. మా మొహాలు చూస్తున్నాడు. ట్రంపెట్ అయితే పెద్దాయన కళ్లు మూసుకుంటాడు. పియానో అయితే నేను తల వంచుకుంటాను. రెండూ కాకపోతే వాడు శాక్సఫోన్ అనేవాడు. చాలాసార్లు సరిపోయేది.

ఒక ఆదివారం క్యాసెట్ వేయడం నా వంతు. డ్రమ్ముల మీద పలచని రేకు చప్పుడు మాత్రమే వచ్చే చోటు నుంచి వేశాను.

"ఏమప్పా, వేస్తావా, కూచోబెడతావా?" అన్నాడు మా వాడు.

టేపు మోగుతూనే ఉంది. పెద్దాయన అది ఎగతాళి అనుకుని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నా భయం సంగీతం గురించి కాదు. రిగ్గు మీద ఒక రాడ్డు దిగాక దానికి ఇంకోటి తగిలించాలి. కింద ఒక మనిషి పెద్ద స్పానర్‌తో రాడ్డును పట్టుకుంటాడు. అతను చేతులు తీసేదాకా ఆపరేటరు లివర్ ముట్టకూడదు. మామూలుగా చెయ్యెత్తి సైగ చేస్తారు. రెండు చేతులూ స్పానర్ మీదే ఉంటే, అరవడం తప్ప దారి లేదు.

అప్పటి నుంచి గ్రంథాలయంలో కూర్చుంటే నా ధ్యాసంతా బయటే. దూరంగా రిగ్గు చప్పుడు వినిపిస్తుంటే పరవాలేదనిపించేది. ఉన్నట్టుండి ఆగితే చేతిలోని పుస్తకం కింద పెట్టేవాణ్ణి. మళ్లీ మొదలయ్యేదాకా ఒక వాక్యం కూడా చదవలేకపోయేవాణ్ణి.

వాడికి చెప్పాలని రెండు ఆదివారాలు అనుకున్నాను. అది మెల్లగా, పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట. మెల్లగా చెబితే వాడికి వినపడదు. రాసివ్వాలనీ అనుకున్నాను. కాగితం జేబులోనే ఉండిపోయింది. పేరు పోతుందని వాడు భయపడుతున్నాడనుకున్నాను. వాడు నాతో మాట్లాడటం మానేస్తాడని నేను భయపడ్డాను. ఈ రెండో భయమే ఎక్కువ. అది ఒప్పుకోవాలి.

మూడో వారం సెలవు పెట్టి కుందుర్పి దగ్గర వాడు బోరు వేస్తున్న చేనికి పోయాను. చేను రైతు, ఇంకో నలుగురు గట్టు మీద నిలబడి ఉన్నారు. తెల్లటి రాతిపొడి అందరి తలల మీదా పడింది. నేను రిగ్గు ఎక్కి వాడి వెనక నిలబడ్డాను. కింద స్పానర్ బిగించిన మనిషి నడివయసువాడు. స్పానర్ జారినట్టుంది, రెండు చేతులతో అదిమి పట్టి అరిచాడు.

"ఆగన్నా, ఆగు."

మా వాడు పైకి, రాడ్డు కొస వైపు చూస్తున్నాడు. చెయ్యి లివర్ మీదికి పోయింది. నేను ముందుకు దూకి వాడి భుజం మీద బలంగా కొట్టాను. అప్పటికే రాడ్డు కొద్దిగా తిరిగింది. స్పానర్ ఎగిరి చేన్లో పడింది. ఆ మనిషి నేల మీద కూర్చుని, వేళ్లు ముడుస్తూ, తెరుస్తూ చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

ఎవరో ఇంజన్ ఆపారు. మా వాడు కోపంగా నా వైపు తిరిగాడు. అప్పుడు నేను అరిచాను.

"నీకు చెవులు వినపడ్డంల్యా. ఇంగ ఈ బండి ముట్టుకోవద్దు."

వాడు నా పెదాల వైపు చూస్తూ ఉన్నాడు. మొహంలో కోపం పోయింది.

"అంత గట్టిగా ఏల అరుస్తావప్పా. అందరూ వింటాండారు" అన్నాడు.

రైతు గట్టు దిగి దగ్గరికి వచ్చాడు. అతని గొంతులో కోపం లేదు.

"అన్నా, పోయినేడు పైచేన్లో, ఇంగా లోతుకు పోదాం, నీళ్లుండాయి అంటివే, సుక్క పడల్యా. అది వినే చెప్పింటివా?"

వాడికి ఆ మాట వినపడిందో లేదో నాకు తెలియదు. రిగ్గు దిగి, చెప్పులు వేసుకుని, రోడ్డు వైపు నడిచాడు.

మళ్లీ లివర్ పట్టలేదు. ఆదివారాలు మాత్రం వచ్చేవాడు. పెద్దాయనకు నేను చెప్పలేదు. ఎవరో చెప్పే ఉంటారు, ఆయన ఆట ఆపేశాడు. క్యాసెట్ వేసి, వాడి ఎదురుగా కూర్చుని, ఫలానా ఆల్బమ్ రెండో పక్క అని ముందే చెప్పేవాడు. వాడు జ్ఞాపకం మీదే వాదించేవాడు. చాలాసార్లు గెలిచేవాడు.

కొన్నేళ్లకు పెద్దాయన పోయాడు. తర్వాత వాడు, ఇంట్లోనే, జ్వరంతో. ఆ రోజు అరవడం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. రైతు అడిగిన ప్రశ్న మాత్రం వాణ్ణి నేనెప్పుడూ అడగలేదు. అడిగితే గట్టిగా అడగాలి.