డిపోలో ఆగిన బండ్లు

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రోజుల్లో సిద్దిపేటలో చిన్నా పెద్దా అందరూ తెలంగాణ రేపే రావాలని కోరుకునేవారు. నేను మాత్రం ఎల్లుండి వచ్చినా ఫరవాలేదనుకునేదాన్ని. (డైరీలో కూడా రాయలేదు. అమ్మకు చదవడం రాదు గానీ, భయం భయమే కదా.) కారణం పెద్దదేమీ కాదు. మా బాపు బస్సు డ్రైవరు. తెలంగాణ కోసం చేస్తున్న సమ్మెలో బస్సులు ఆగిపోయి ఇంట్లో ఉన్నాడు. అంతకుముందు ఆయనదెప్పుడూ నైటవుట్ డ్యూటీ. సాయంత్రం బండి తీసుకుపోయి, ఆఖరి ఊళ్లో బస్సులోనే పడుకుని, తెల్లారి ట్రిప్పు కొట్టుకుని వచ్చేవాడు. నేను కాలేజీకి పోయేటప్పుడు ఆయన నిద్ర, నేను వచ్చేసరికి ఆయన డ్యూటీ. మా బాపు అన్నంలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటాడని డిగ్రీకి వచ్చాక, అదీ సమ్మె పుణ్యాన, తెలిసింది నాకు.

బస్టాండు ముందర దీక్షా శిబిరంలో రోజుకొక బృందం కూర్చునేది. మా కాలేజీ ఆడపిల్లల వంతు వచ్చింది. పాటలూ ఉపన్యాసాలూ అయిపోతే పొద్దు గడవదని (ఆకలి మీద గంట చాలా పొడుగు) మా తెలుగు మేడమ్ ముందురోజే ఉపాయం చెప్పింది. "మీకు ఇష్టమైన జాగ ఫొటో ఒక్కటి తీసుకరాండ్రి. ఎందుకిష్టమో మైకుల చెప్పాలె." తెచ్చిన ఫొటోలన్నీ టెంటుకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో తగిలించాం. కోమటి చెరువు మీద పొద్దుగూకడమే నాలుగింటిలో ఉంది. ఒకమ్మాయి చార్మినార్ తెచ్చింది, అందులో అంతా ఆమె మొహమే, చార్మినార్ చెవి వెనక నుంచి తొంగి చూస్తోంది. మాకు తోడుగా కూర్చున్న పక్కింటి ఖాలమ్మ, మా వాడంతటికీ బట్టలు కుట్టే ఆమె, తాజ్‌మహల్ ముందు దిగిన పెళ్లినాటి ఫొటో తెచ్చింది. తాజ్‌మహల్ మధ్యలో పరదా మడత స్పష్టంగా కనబడుతోంది.

"నేను ఆగ్రా పోలే బేటీ, ఆగ్రానే గజ్వేల్ స్టూడియోకొచ్చింది" అంది మైకులో, ఏమాత్రం తడబడకుండా. "ఎందుకిష్టమంటే, మా ఆయన నోరు మూసుకొని నిలబడ్డది గా ఒక్కనాడే."

నాది డిపో. గేటు సందులోంచి బాపు ఫోనుతో తీసి, స్టూడియోలో ప్రింటు వేయించాను. వరుసగా నిలబడ్డ బస్సులు, మీద దుమ్ము, టైర్ల పక్కన మొలుస్తున్న గడ్డి. మేడమ్ మురిసిపోయింది. "శభాష్! సమ్మె ఎంత గట్టిగ నడుస్తుందో చూపిచ్చినవ్. గందుకే ఇష్టం గదా?" నేను తల ఊపాను. (దేనికైనా తలే ఊపేదాన్ని. మాటకన్నా తేలిక.)

ఇంతలో పక్క టెంటులో పగటిపూట సమ్మెకు కూర్చునే డ్రైవర్లు, వాళ్లతోపాటు మా బాపు, ఫొటోలు చూడటానికి వచ్చారు. చెరువునూ చార్మినార్‌నూ దాటుకుని నేరుగా నా ఫొటో దగ్గర గుమిగూడారు.

"అరే, గా మూడోది నాదే. ముందు టైరు చూడు, గాలి దిగింది."

"నా బండి కిటికీ ఎవడు తెరిచిపెట్టిండ్రా? వానొస్తే సీట్లు నానయా?"

"ఇన్నొద్దులు స్టార్ట్ చెయ్యకుంటే బ్యాటరీలు డౌనైతయి. ఒక్కపారి పోయి, స్టార్ట్ జేసి, బంద్ జేసి వద్దామా?"

"సమ్మె అన్నా, సమ్మె!" అంది మేడమ్.

"చక్రం కదలనియ్యం మేడమ్. ఇంజనొక్కటే" అన్నాడు ఆ బ్యాటరీల డ్రైవరు బతిమాలుతూ.

బాపు ఒక బస్సు బొమ్మ మీది దుమ్మును బొటనవేలితో తుడిచి చూశాడు. అది ఫొటోలోని దుమ్ము, పోలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు పండుగలా కనిపించిన జాగా ఆయనకు దవాఖానలా కనిపించినట్టుంది. సరిగ్గా అప్పుడే మేడమ్ నా పేరు పిలిచింది. ఆమె చెప్పిన కారణం చెబితే అబద్ధం. నిజం చెబితే, జీతం లేక ఎండలో కూర్చున్న మనిషికి నీ కష్టమే నాకిష్టం అన్నట్టవుతుంది. మైకు దగ్గరికి లాక్కుంటే కీచుమంది. బాపు నా వైపే చూస్తున్నాడు.

"బస్సులు ఆగినంక... బాపు మాతోటి కూసోని తింటుండు" అన్నాను. అంతే.

మొదట తేరుకుంది ఖాలమ్మే. "యా అల్లా! ఇగ తెలంగాణ వచ్చినా ఈ పిల్ల సమ్మె ఆపనియ్యదు!" అందరూ గొల్లుమన్నారు. (నా మనసులో మాట ఆమెకెట్లా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.) బాపు తువ్వాలతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. అంత చెమటేమీ లేదు.

అంత చిన్న మాటకు అంతగా భయపడ్డ ఆ పిల్ల ఇప్పుడు తలపుకొస్తే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. ఆ తర్వాత ఎన్నో మైకుల ముందు నిలబడాల్సి వచ్చింది గానీ, అంత సూటిగా మళ్లీ మాట్లాడలేదు. సాయంత్రం మేమిద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం. దారిపొడుగునా ఆయన బాధపడ్డాడేమోనని లోపల బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. వాకిట్లో చెప్పులు విడుస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"బండ్లు నడిచినంక నైటవుట్ వద్దని అడుగుత బిడ్డా. ఇనకపోతే, నేనొక్కణ్నే మల్ల సమ్మె జేస్త."