అన్ని గుర్రాలకూ ఒకే గుడ్డ

గుర్రపుశాలలో యజమాని మొదలు గేటు కాపలాదారు దాకా అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవారు. భర్త నడుం పట్టేశాక ఆయన పనిలోకి వచ్చింది. చూలు గుర్రాలను సాకడంలోనే జుట్టు నెరిసిపోయింది. రోజూ వాటి తోకల కింద తుడిచేది, అన్నిటికీ ఒకే గుడ్డతో. అన్నీ ఒకే వాసన వేస్తే మేతకు వదిలినప్పుడు తన్నుకోవని ఆమె నమ్మకం. నిజంగానే అవి అక్కచెల్లెళ్లలా మేసేవి.

ఆ ఏడు నల్లగుర్రం కడుపు నిలవక ఈచుకుపోయింది. గడ్డి మీద పడిన పిల్లకు ఇంకా వెంట్రుకలైనా సరిగా రాలేదు. పశువుల డాక్టరమ్మ పిల్లతోపాటు పడిన మావిని నేల మీద పరిచి చూసింది. ఒక అంచు దళసరిగా, మట్టిరంగులో ఉంది.

"మావికి చీము పట్టిందత్తా. తోక కిందనుంచి సూక్ష్మజీవులు లోపలికి పాకినట్టున్నాయి. తుడిచే గుడ్డ ఏది?"

అత్త జేబులోంచి తీసింది. "నిన్ననే ఉతికానమ్మా."

"అన్నిటికీ ఇదేనా?"

"ఇదే. కలిసిమెలిసి ఉంటాయని."

"రోగం కూడా కలిసిమెలిసే ఉంటుంది. దీనివల్లేనని ఒట్టేసి చెప్పలేను గానీ, ముందు దీన్ని కాల్చెయ్."

పక్క గదిలో ఎర్రగుర్రానికి నెలలు నిండకుండానే పొదుగు దిగింది. "తొందరపడుతోంది పిచ్చితల్లి" అని అత్త అప్పటిదాకా మురిసిపోతూనే ఉంది. డాక్టరమ్మ తోక ఎత్తి, అంటుకున్న చీము చూపించింది. కడుపులో పిల్ల బతికే ఉంది, నిలుస్తుందో లేదో చెప్పలేనంది. మందులు మొదలయ్యాయి.

ఇంట్లో అత్త అన్నం ముట్టలేదు. "నా చేత్తోనే చేశానండీ."

"నీ చేతికే అంత శక్తి ఉంటే, రోజూ మందు రాస్తున్నావుగా, నా నడుం ఎందుకు లేవదే? తిను" అన్నాడు భర్త.

అది మొదలు ఆమె ఎర్రగుర్రాన్ని తాకలేదు. మేత పెట్టి వెనక్కి జరిగేది. అది మెడ చాచి భుజాన్ని ముక్కుతో నెట్టేది. "పోవే, నా జోలికి రాకు" అనేది, కళ్లు తుడుచుకుంటూ.

ఎర్రగుర్రం ఇంకొన్ని వారాలు మోసి, ఈనింది. పిల్ల పీలగా ఉంది. లేవబోయి కూలబడుతోంది.

"అత్తా, గుడ్లప్పగించి చూస్తావేం? వచ్చి పట్టుకో!" అని అరిచింది డాక్టరమ్మ.

"నా చేతులొద్దమ్మా."

"సబ్బుతో కడుక్కో, పోతుంది. తీరిగ్గా తర్వాత ఏడుద్దువుగాని, రా!"

అత్త మోచేతుల దాకా తోముకుంది, మళ్లీ తోముకుంది. మోకాళ్ల మీద కూర్చుని, ఆ తడి ఛాతీ కింద చేతులు పెట్టి ఎత్తింది. అరచేతుల్లో చిన్న గుండె టకటకా కొట్టుకుంది. పిల్ల తడుముకుంటూ పొదుగుకు నోరు పెట్టేదాకా, దాన్ని అలాగే మోస్తూ ఉండిపోయింది.