గోడకు పట్టని బొమ్మ

నిజాం పాలన పోయిన కొత్తలో, నేను అప్పుడప్పుడే బొమ్మలు గీయడం మొదలుపెట్టిన రోజుల్లో, నయాపూల్ దగ్గర బస్సెక్కాను. పక్క సీటులో షేర్వాణీ తొడుక్కున్న ఒకాయన ఒళ్లో గుడ్డ మీద రంగులతో వేసిన పెద్ద బొమ్మ ఉంది. పాలు పితుకుతున్న ఆడమనిషి. ఆమె చేతులు మణికట్ల దగ్గరే తెగిపోయాయి.

"చేతులేవి సాబ్?" అని అడిగాను.

"రెండు కిటికీల నడుమ పట్టలే. కింద కోయించిన. పర్దాల రంగుకు మస్తు కలిసింది," అన్నాడు మురిసిపోతూ.

కోసిన ముక్కను సంచిలోంచి తీసి, బూటు మీద పడిన పాన్ ఉమ్ము తుడుచుకున్నాడు. ఆ ముక్కలో వేళ్లు, పాలధార కనిపించాయి. నేను ఆ ముక్కవైపు వేలు చూపాను.

"గిట్ల ఖరాబు చేస్తరా?"

"గోడ సూడకుండ ఏసినోనిది తప్పు గాదా?" అని నవ్వాడు.

తరువాతి స్టాపులోనే దిగిపోయాను. ఇప్పటికీ ఎవరైనా ఇంటికి బొమ్మ కావాలంటే, ముందు గోడ కొలత అడుగుతాను. అడిగిన ప్రతిసారీ నామీద నాకే రోత పుడుతుంది.