మేకుకు వేలాడిన బ్యాడ్జీ

సుభాషిణి చిన్న పట్టకారుతో ఫిల్ము ముక్కను అంచున పట్టుకుని, వెచ్చటి కాస్టిక్ సోడా నీళ్లలోకి నిదానంగా దించింది. గుహల్లో రాళ్లలోంచి రాడాన్ అనే వాయువు ఊరుతుంది. కంటికి కనబడదు, వాసనా ఉండదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. ఫిల్ము మీద అది వేసిన చుక్కల్లాంటి గుర్తులు ఈ స్నానంలోనే బయటపడతాయి.

భర్త ఉద్యోగంతో తెనాలి నుంచి ఢిల్లీ వచ్చిన సుభాషిణి, ఒక ల్యాబులో గాజుసామాను కడగడంతో మొదలుపెట్టి, చూసి చూసి పని పట్టేసింది. ఇప్పుడు ఢిల్లీ పక్కనే వైశాలిలో సొంత వర్క్‌షాపు.

ఎదురుగా స్టూలు మీద ఉదయ్‌కిరణ్. మన్యం కొండల్లోని ఒక గుహకు గైడు. ఢిల్లీలో శిక్షణకు వస్తూ తనదీ, తోటి గైడ్లవీ బ్యాడ్జీలు పరీక్షకు తెచ్చాడు. ఎవరు ఎంత రాడాన్ పీల్చారో చెప్పే ఫిల్ము ముక్క ఒక్కో బ్యాడ్జీలో ఉంటుంది.

"నాది ఎక్కువొస్తే గుహలోంచి తీసేసి టికెట్ల కిటికీలో కూర్చోబెడతారండీ. నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదండీ."

"పొద్దుట్నుంచీ చూస్తున్నాగా తమ్ముడూ!"

మైక్రోస్కోపు కింద తోటివాళ్ల ఫిల్ముల మీద చుక్కలు ఎడంగా ఉన్నాయి. అతని దాని మీద ఆవాలు చల్లినట్టున్నాయి. ఉదయ్‌కిరణ్ మొహం పాలిపోయింది. ఆమె నీళ్ల వేడి సరిచూసి, చుక్కలు మళ్లీ లెక్కపెట్టింది. తేడా లేదు.

"డ్యూటీ దిగాక బ్యాడ్జీ ఎక్కడ పెడతావు? మీవాళ్లు బయట డబ్బాలో పెడతారుగా?"

"నేను గుహలోనే మేకుకు తగిలిస్తానండి, యూనిఫాం చొక్కాతో పాటు. ఇంటికి తీసుకెళ్తే మా పాప పోగొడుతుందని."

సుభాషిణి పకపకా నవ్వింది. "అచ్ఛా! నువ్వు ఇంట్లో గురక పెడుతుంటే, అది రాత్రంతా డ్యూటీ చేసిందయ్యా!"

"దానికి ఓవర్‌టైమ్ ఇస్తారాండీ?"

"ఇవ్వాల్సిందే. ఇది నీ లెక్క కాదు, గుహది. రాత్రీపగలూ అక్కడి గాలి ఎలా ఉందో చెబుతోంది. పారేస్తానా?"

"మరి నేను?"

"నువ్వు పీల్చింది మీవాళ్లంతే. అందరిలాగే నువ్వూ గుహలోనే గైడువి. గంటసేపు చూసిపోయే యాత్రికులకు భయం లేదు. రోజంతా లోపలుండే మీరు వంతులు మార్చుకోవాలి, గాలి ఆడేలా ఫ్యాను పెట్టించాలి. ఆ జేబులో సిగరెట్లు మాత్రం మానెయ్. రాడాన్‌కి పొగ తోడైతే మరీ చేటు."

"గుహకన్నా ఇదే కష్టమండీ," అంటూనే ప్యాకెట్టు తీసి చెత్తబుట్టలో వేశాడు.

ఆమె అతని ఫిల్ముకు 'గుహ గాలి' అని చీటీ అంటించి, రిపోర్టులో దాన్ని విడిగా రాసింది. గైడ్ల వంతుల సంగతి, ఫ్యాను సంగతి కింద చేర్చి సంతకం చేసింది. కవరు అంటించి, కొత్త బ్యాడ్జీల డబ్బాతో కలిపి అతని చేతుల్లో పెట్టింది.