రెండో చెయ్యి ఫోటో

నా చిన్నప్పుడు మా ఊరు సురంగల్‌లో ఎముకను బొక్క అనేవాళ్లు, ఎక్స్‌రేను ఫోటో అనేవాళ్లు. కాలు ఫోటో, నడుము ఫోటో. ఫోటో అనే ఆ ఒక్క మాట వల్ల నేను ఎనిమిదేళ్ల వయసులో చేవెళ్ల దవాఖానకు ముఖం నిండా పౌడరు రాసుకుని వెళ్లాను.

ముందు రోజు మా తాతయ్య నన్ను బర్రె మీద ఎక్కించాడు. అమ్మ వద్దంటున్నా వినలేదు. నేను అడగడం, ఆయన ఇవ్వడం, ఎప్పుడూ అంతే. బర్రె నాలుగడుగులు బుద్ధిగానే నడిచి, కుంటలో నీళ్లు కనబడగానే పరుగందుకుంది. నేను కుడిచెయ్యి కింద ఆనించి పడ్డాను. తెల్లారేసరికి మణికట్టు బన్నులా ఉబ్బింది.

అమ్మ తాతయ్యతో మాట్లాడటం మానేసింది. పక్క ఊళ్లో కట్లు కట్టే ఆయన చెయ్యి లాగి సరిచేస్తాడని నానమ్మ అంది. అలా లాగించుకున్న మా పక్కింటి అక్క చెయ్యి వంకరగానే ఉండిపోయింది. నా చెయ్యీ అలాగే అవుతుందని నేను గుక్కపెట్టి ఏడ్చాను. తాతయ్య కండువా భుజాన వేసుకుని, "పా బిడ్డా, చేవెళ్లకు పోయి ఫోటో తీపిద్దాం" అన్నాడు. అంతే, ఏడుపు ఆగిపోయింది. పండగ గౌను, ఎర్ర రిబ్బను, ఎడమచేతికి నిండుగా గాజులు. అది అలాంటి ఫోటో కాదని చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు.

దవాఖానలో ఫోటో తీసే ఆయన నా ముఖం వైపు చూడనే లేదు. చెయ్యిని ఒక పలక మీద పెట్టించి, కదలొద్దన్నాడు. నవ్వమని కూడా అనలేదు. కాసేపటికి నీళ్లు కారుతున్న నల్లటి ఫిల్ము తెచ్చి క్లిప్పుకు తగిలించాడు. అందులో నా పౌడరూ లేదు, రిబ్బనూ లేదు. నేను ఆ దుఃఖంలో ఉండగా తాతయ్య ఫిల్ము దగ్గరికి జరిగాడు. మణికట్టు దగ్గర ఎముకకు అడ్డంగా ఒక నల్లటి గీత. అక్కడ తెగి, చివరి ముక్క విడిగా పడి ఉన్నట్టే ఉంది.

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "నేనే ఎక్కించిన. నా చేతులతోని నేనే ఇరగ్గొట్టిన" అన్నాడు. తాతయ్య ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. చెయ్యి నొప్పి కంటే దానికే నాకు ఎక్కువ భయమేసింది.

డాక్టరమ్మ వచ్చి ఫిల్ము చూసింది. తర్వాత తాతయ్యను చూసింది. "రెండో చెయ్యి గూడ తియ్యుండ్రి" అంది.

"దానికేం గాలేదమ్మా, అది మంచిగనే ఉన్నది."

"ఉండనీ తాతా, జర చూద్దాం."

తాతయ్య నా గాజులు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకున్నాడు. రెండో ఫిల్ము వచ్చాక డాక్టరమ్మ రెండింటినీ కిటికీ వెలుతురుకు పక్కపక్కన పట్టి, విరిగిన చెయ్యి ఏదో చెప్పమంది. ఆయన చాలాసేపు చూశాడు. ఎడమచేతిలోనూ అదే గీత, అదే చోట.

"రెండూ ఒక్కతీర్గనే ఉన్నయి గదమ్మా" అన్నాడు.

"పిల్లలకు బొక్క ఆడికెల్లే పెరుగుతది తాతా. ఆ జాగ మెత్తగ ఉంటది, ఫోటోల పడది. ఇది ఇరగలే, బెణికింది. పది రోజులు కట్టు ఉంచుతే సరిపోతది."

తాతయ్య కండువాతో ముఖం తుడుచుకుని నవ్వాడు. ఆ రెండు ఫిల్ములూ నెల రోజులు మా ఊళ్లో తిరిగాయి. ఎవరొచ్చినా ఎండకు పట్టి, "మా బిడ్డ ఇంక ఎంత పెరుగుతదో దీంట్ల ఉన్నది" అని చూపించేవాడు. చివరికి అమ్మ కూడా నవ్వింది. నేను మాత్రం ఐదడుగుల దగ్గరే ఆగిపోయి ఆయన మాట పోగొట్టాను.

మొన్న మా కొడుకు స్కూటర్ దిగబోయి జారిపడ్డాను. ఎడమ మోకాలు వాచింది. మళ్లీ చేవెళ్లే వెళ్లాం. ఇప్పుడు తడి ఫిల్ములు లేవు, బొమ్మ నేరుగా కంప్యూటర్ మీదికి వచ్చేస్తుంది. కుర్ర డాక్టరు చూసి, "ఈ మోకాల్ల బొక్కల నడుమ గ్యాప్ మస్తు తగ్గింది అవ్వా" అన్నాడు. మా వాడి ముఖం పాలిపోయింది. "నేనే పడేసిన" అన్నాడు. యాభైకి దగ్గరపడిన మనిషి ముఖంలో నాకు తాతయ్య కనిపించాడు.

"రెండోది గూడ తియ్యి బిడ్డా" అన్నాను డాక్టరుతో.

తీశాడు. దెబ్బ తగలని కుడి మోకాలిలోనూ గ్యాప్ అంతే తగ్గి ఉంది.

"చూసినవా? ఇది నా వయసు పని, నీ పని గాదు" అన్నాను మా వాడితో. వాడు తల తిప్పుకుని కళ్లు ఒత్తుకుంటుంటే నా కొంగు అందించాను. దానికి పౌడరు అంటుకుని ఉంది. ఫోటో అన్నాక నేను ఇప్పటికీ రాసుకోకుండా వెళ్లను.