పెరంబూరులో గిటారుకు పికప్ బిగించుకున్న రోజు

మూడు రోజులుగా ముసురు వదలలేదు. ఆ గురువారం చీకటితోనే లేచి నారుమడిలో నిలిచిన నీళ్లకు గండి కొట్టి, తెగిన గట్టుకు మట్టి వేసి, కాళ్లు కడుక్కునేసరికి ఐదున్నర అయింది. గిటారు పెట్టె మీద రెండు యూరియా సంచులు కప్పి పురికొసతో కట్టాను. మా ఊరి నుంచి సూళ్లూరుపేట స్టేషనుకు మోటారు సైకిలు మీద ఇరవై నిమిషాలు. బండి స్టాండులో పెట్టి, ఆరూ నలభైకి చెన్నై లోకల్ ఎక్కాను. టికెట్ ఇరవై రూపాయలు. ఈ బండ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే కనుక్కోవడం మంచిది.

పదహారేళ్లుగా నేనూ దానం అన్నా కలిసి చిన్న కార్యక్రమాలకు వెళుతున్నాం. ఆయన పాడతాడు, నేను వాయిస్తాను. ఇంటి ప్రార్థనలు, జ్ఞాపకార్థ కూటాలు, పెళ్లి రిసెప్షన్లు, అన్నీ అరవై డెబ్భై మంది పట్టే చోట్లే. ఆయన మా పెద్దమ్మ కొడుకు. చెన్నై ఉత్తరపు కొసన ఉన్న తిరువొత్తియూరులోనే పుట్టి పెరిగాడు, అక్కడే ఒక ఫ్యాక్టరీలో లోడింగు పని. మాకు మొదటి నుంచీ ఒకటే మైకు. ఆయన నోటికీ నా గిటారుకూ మధ్య, ఛాతీ ఎత్తున వచ్చేటట్టు ఏ స్తంభానికో తువ్వాలుతో కట్టేస్తాం. మా వైపు చాలామంది ఇలాగే చేస్తారు.

ఈ ఏడాది మొదట్లో ఆయన గొంతుకు ఆపరేషన్ అయింది. ఆ తరువాత చేసిన రెండు కూటాల్లోనూ మైకు కీచుమని కూసింది. సౌండు పెంచితే కూత, తగ్గిస్తే పాట వినపడదు. ఆదివారం తిరువొత్తియూరు పక్కన జాలరి కుప్పంలో, అంటే జాలర్ల పేటలో, ఒక జ్ఞాపకార్థ కూటం ఒప్పుకుని ఉన్నాం. అక్కడ కూడా కూస్తే ఇక మమ్మల్ని పిలిచేవాళ్లు ఉండరని ఆయన భయం. గిటారుకు పికప్ పెట్టిస్తే దాని శబ్దం వైరు గుండా నేరుగా ఆంప్లిఫయరుకు పోతుంది, మైకు తనొక్కడికే మిగులుతుంది అన్నాడు. ఈ ప్రయాణం ఆయన పట్టుబట్టినందువల్ల జరిగింది.

గుమ్మిడిపూండి దాటేదాకా రైల్లో కూర్చోవడానికి చోటుంది. తరువాత పనులకు పోయేవాళ్లు ఎక్కి, తడి గొడుగులన్నీ నా గిటారు పెట్టె మీదే ఆనించారు. తిరువొత్తియూరులో ఎనిమిదిన్నరకు దానం అన్న ఎక్కాడు. యూరియా సంచుల్ని చూసి, "ఏందప్పా, గిటారుకి ఎరువేస్తే పెరుగుతాదనా?" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. అలవాటైన నాకు, మాట్లాడేటప్పుడు అది అంతగా తెలియదు.

పెరంబూరు పోవాలంటే చెన్నై సెంట్రల్ దాకా వెళ్లే పని లేదు. బేసిన్ బ్రిడ్జిలో దిగి, మెట్లెక్కి అవతలి ప్లాట్‌ఫారానికి పోతే అరక్కోణం వైపు లోకల్ దొరుకుతుంది. రెండో స్టేషనే పెరంబూరు. మేము దిగేసరికి తొమ్మిదిన్నర. స్టేషను బయట నీలం టార్పాలిన్ పట్టా కింద ఒకావిడ ఇడ్లీలు పెడుతోంది. నాలుగు ఇడ్లీ, ఒక వడ నలభై రూపాయలు. దానం అన్న చట్నీ అడగ్గానే ఆవిడ తలెత్తి చూసింది.

"ఏమన్నా, గొంతు పట్టేసిందా? రసముండాది, మిరియాలు వేసింది. పొయ్యనా?"

"పట్టలేదులేమ్మా. నా గొంతే ఇంత."

"సరి సరి. ఊరికే తాగు, దుడ్లొద్దు."

ఆయన తాగలేదు. గ్లాసు నా వైపు జరిపాడు.

మేము కలవాల్సిన మునిరత్నం గారు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వడ్రంగి పని చేసి రిటైరయ్యారు. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి. తాతల కాలం నుంచి పెరంబూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఇంటి ముందు గదిలో గిటార్లు, వయొలిన్లు బాగుచేస్తారు. స్టేషను నుంచి పదిహేను నిమిషాల నడక. ఆటో అతను ఎనభై అడిగాడు. మేము నడిచే వెళ్లాం. సందులో మడమల దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి.

పికప్‌ల గురించి ఆయన చెప్పింది చదివేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. గిటారు పలక మీద బిళ్లలా అంటించే రకం జార్జి టౌన్‌లో మూడు వందలకు కూడా దొరుకుతుంది. శబ్దం సహజంగా ఉంటుంది కానీ పలక మీద వేలు తగిలినా వినపడుతుంది, పక్కన స్పీకరు ఉంటే తొందరగా కూస్తుంది. రెండోది తీగలు ఆనే తెల్ల పట్టీ కింద దూర్చే రకం. దానికి పట్టీ అడుగు సమంగా అరగదీయాలి, గిటారు అడుగున వైరు కోసం రంధ్రం పెట్టాలి. బ్యాటరీ కూడా కావాలి. అంతా కలిపి నాలుగు వేల పైమాటే. మూడోది అయస్కాంతంతో పనిచేసేది, గిటారు నోట్లో, అంటే ముందున్న గుండ్రటి రంధ్రంలో, అడ్డంగా బిగిస్తారు. ఇనుప తీగలకే పనికొస్తుంది. శబ్దంలో కొంచెం ఎలక్ట్రిక్ గిటారు పోలిక వస్తుంది కానీ అంత సులభంగా కూయదు. ధర రెండు వేల ఎనిమిది వందలు, బిగింపుకు మూడు వందలు.

నేను రెండో రకం వైపు చూస్తుంటే మునిరత్నం గారు నవ్వారు. "బొక్క పెట్టాలని చెప్తే మొగం ఎట్ట పెట్టినావో చూసుకో. రైలు పెట్టెలకి తలుపులు కోసిన చెయ్యిది. అయినా నీకెందుకప్పా అది? మీరు వాయించేది కుప్పంలో, షామియానా కింద. ఆడ ఉండేది అద్దె ఆంప్లిఫయరు. అయస్కాంతందే పెట్టుకో. పాడైతే నువ్వే ఊడదీసుకోవచ్చు."

అదే బిగించమన్నాం. గంట పట్టింది. తరువాత నేను ఒక్కడినే వాయించాను. ఆరు తీగలూ సమంగా పలికాయి, ఎంత పెంచినా కూయలేదు. నేను దుడ్లు తీయబోతే ఆయన ఆపారు.

"ఉండు. గిటారొక్కటీ బాగుంటే సరిపోతాదా? తంబీ పాడనీ. ఆదివారం ఎట్ట చేస్తారో ఈడ అట్టే చెయ్యండి."

మైకు దానం అన్న నోటి దగ్గర పెట్టి, నన్ను గది ఆ చివరికి పంపారు. మేము ఎప్పుడూ మొదలుపెట్టే పాటే ఎత్తుకున్నాం. మునిరత్నం గారు మైకు సౌండు పెంచి గిటారుది తగ్గించారు. కూత రాలేదు. దానం అన్న గొంతు మాత్రం మొదటిసారి ఒంటరిగా వినపడింది. కింది స్వరాలు గీసుకుపోతున్నాయి. చరణంలో పైకి వెళ్లే చోట మాట లేదు, గాలి మాత్రం వస్తోంది.

ఆయన ఆపేశాడు. "మైకు సరిగా లేదన్నా. వేరేది ఉంటే ఇయ్యి."

మునిరత్నం గారు సామాన్ల పెట్టెలోంచి ఇంకో మైకు తీసి తగిలించారు. మళ్లీ పాడాడు. అదే చోట అదే గాలి. నేను శ్రుతి రెండు మెట్లు దించాను. పై స్వరం అందింది కానీ నిలవలేదు.

"గిటారు కొంచెం ఎక్కువ పెట్టన్నా," అన్నాడు దానం అన్న.

"పెడతా తంబీ. పెడితే నీది వినపడదు."

వాన పెరిగింది. లోపలి నుంచి మునిరత్నం గారి భార్య మూడు గ్లాసుల టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లింది. దానం అన్న మైకు స్విచ్చి ఆపి నా వైపు తిరిగాడు.

"నువ్వు గిటారు గట్టిగా కొడతా ఉండేది ఇందుకేనా?"

"అవును."

"ఎప్పటినించి?"

"ఆపరేషన్ అయినప్పటినించి."

"నీ గిటారే నా గొంతుని మింగతా ఉండాదని అందరికాడా చెప్పినా కదరా నేను. పోయిన కూటంలో పాస్టరు కాడ కూడా చెప్పినా. నువ్వు ఆడే నిలబడి ఉన్నావు."

"ఉన్నాను."

"నోరెత్తలేదే."

మునిరత్నం గారు స్క్రూడ్రైవరు తుడిచి డబ్బాలో పెట్టారు. బిగింపు కూలి వద్దన్నారు. పికప్‌ను తిరిగి ఇచ్చేస్తామంటే తీసుకుంటానని కూడా అన్నారు.

"వద్దులే అన్నా, ఉండనీ," అన్నాడు దానం అన్న. "ఆదివారం వాడు వాయించాల. పాడేదానికి ఆ కుప్పంలోనే ఎవరో ఒకరు ఉంటారు." టీ అంతా తాగి గ్లాసు కడిగి పెట్టాడు.

తిరుగు దారిలో బేసిన్ బ్రిడ్జిలో నలభై నిమిషాలు బండి రాలేదు. గిటారు పెట్టె ఆయనే మోశాడు. నన్ను పట్టుకోనివ్వలేదు. తిరువొత్తియూరులో దిగేటప్పుడు దాన్ని నా ఒళ్లో పెట్టి, సంచి జారిన చోట సర్ది, "నాన్తే పాడైపోతాది," అన్నాడు. నేను ఇంటికి చేరేసరికి చీకటి పడింది. నారుమడిలో మళ్లీ నీళ్లు నిలిచాయి.

ఇది రాయాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. నేను గట్టిగా వాయించడం ఆయన మీద ప్రేమతోనే అనుకునేవాడిని. నిజానికి గొంతు పోయిందని ఆయనతో చెప్పే ధైర్యం నాకు లేదు. నేను చెప్పని సంగతి ఎవరో తెలియని మనిషి గదిలో, రెండు మైకులు మార్చి, ఆయన తనంతట తానే కనుక్కోవలసి వచ్చింది. ఒక మైకుతో మేము ఇన్నేళ్లు చేసిన పద్ధతిలో ఎవరి శబ్దం ఎంతో ఇద్దరికీ తెలిసేది కాదు. అది ఒక రకంగా సుఖమే. పికప్ మాత్రం బాగా పనిచేస్తోంది.

మీరు పికప్ కోసం వెళితే నేను చెప్పగలిగింది ఒక్కటే. కొట్లో ఒంటరిగా వాయించి చూసి కొనకండి. మీతో పాడే మనిషిని వెంట తీసుకువెళ్లి, కార్యక్రమంలో నిలబడేటట్టే నిలబడి, ఒక పాట మొదటి నుంచి చివరిదాకా చేసి చూడండి. ఆ మనిషికి ముందే చెప్పవలసింది ఏదైనా ఉంటే రైల్లోనే చెప్పండి.

ఆదివారం కూటం ఆరున్నరకు మొదలైంది. ఆ కుప్పం అమ్మాయి ఒకతె పాడింది. మైకు కూయలేదు. దానం అన్న వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. ఏడుంపావుకు, మూడో పాట మధ్యలో లేచి వెళ్లిపోయాడు.