సత్తు పడవకి స్టీరింగు

మా ఆయన జీపు డ్రైవరు, నేను నర్సుని. ఇద్దరం రేపల్లెలో ఒకే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళం కాబట్టి ఇంట్లో మొదలైన తగాదాని డ్యూటీలో కూడా సాగదీసుకునే వీలుండేది. తొంభైల మొదట్లో, ఒక తుఫాను వచ్చి పోయిన మరుసటేడు, కృష్ణా నది మధ్యలో ఉన్న లంక ఊళ్ళకి వెళ్ళి రావడానికని ఎవరో దాతలు ఆసుపత్రికి చిన్న పడవ ఇచ్చారు. అల్యూమినియంది. మా వైపు అల్యూమినియాన్ని సత్తు అంటాం కదా, మొదటి రోజే దానికి సత్తు పడవని పేరు పడిపోయింది. నాకు ఈత రాదు. సత్తు గిన్నె ఎంత సులువుగా సొట్టపోతుందో రోజూ తోమేదాన్ని, నాకు తెలుసు. ఆ రేకు మీద కూర్చుని ఏరు దాటాలనేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటికే జీపు మూలన పడింది. అందుకని డాక్టరమ్మగారు మా ఆయన్ని పిలిచి, "ఇక నువ్వు పడవ నడుపు. ఇంజను వెనక బిగించి ఉంటుంది, దాని పిడి పట్టుకుని తిప్పాలి. అలా వద్దనుకుంటే మధ్యలో పెట్టె కట్టించి కారుకున్నట్టు స్టీరింగు పెట్టించుకోవచ్చట. నడిపేది నువ్వు, నువ్వే తేల్చుకుని చెప్పు" అన్నారు.

తేల్చుకోవడానికి ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. స్టీరింగే అన్నాడు. ఎందుకన్నాడో ఆసుపత్రిలో ఎవరికీ తెలీదు, నాకు తెలుసు.

మా మావయ్యగారిది బాపట్ల. వయసులో ఉన్నన్నాళ్ళూ కొమ్మమూరు కాలువలో సరుకు పడవ మీద చుక్కాని పట్టిన మనిషి. ఆయన పేరు ఆ కాలువ పొడుగునా ఒక్కరికీ తెలీదు. "ఒరే పడవా" అని పిలిచేవాళ్ళట. ధాన్యం దించిన ఏ ఇంట్లోనూ గుమ్మం లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు, గట్టు మీద కూర్చుని విస్తట్లో తిని, ఆకు కాలవలో పారేసి రావాల్సిందే. అందుకని కొడుకు పుట్టగానే ఒట్టు పెట్టుకున్నారు, వీడి చేతికి చుక్కాని తగలనివ్వనని. పిల్లాడు సరదా పడి పట్టుకోబోతే చెయ్యి మీద కొట్టేవారట. కాలవలో పడవలు ఆగిపోయాక కూలికెళ్ళి మరీ మా ఆయనకి డ్రైవింగు నేర్పించారు. లైసెన్సు వచ్చిన రోజున దాన్ని పటం కట్టిద్దామన్నారట, జేబులో ఉండాలి నాన్నా అని ఈయన నచ్చజెప్పుకోవాల్సొచ్చింది. అలాంటి మనిషి కొడుకు పడవ వెనక కూర్చుని పిడి ఎలా పడతాడు? స్టీరింగుంటే డ్రైవరు. పిడైతే పడవవాడు. మా ఆయన లెక్క అంతే.

నేనూ ఆయన్నే వెనకేసుకొచ్చాను, దాచడం దేనికి. మా ఆయన సీటులో దర్జాగా కూర్చుంటే నాకు మాత్రం చేదా? పాత జీపు స్టీరింగు ఊడదీసి, సంచిలో పెట్టుకుని, ఇద్దరం తెనాలి వెళ్ళాం. మా పుట్టిల్లు తెనాలే. అక్కడ లేతు పనిచేసే ఒకాయన మధ్యలో నిలబెట్టడానికి రేకు పెట్టె చేసి, స్టీరింగు నుంచి వెనక ఇంజను దాకా తీగలు లాగే ఏర్పాటు చేశాడు. పడవ పొడుగు కొలిచాం, వెడల్పు కొలిచాం. మా ఆయన కూర్చుంటే మోకాలు ఎక్కడ తగులుతుందో కూడా కొలిచాం. కొలవాల్సిన ఒక్కటీ వదిలేశామని అప్పుడు తట్టలేదు.

మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. పిడి పట్టి నడిపేవాడు చివర్లో కూర్చోవడంతో ముక్కు పైకి లేచి ముందేముందో కనబడదు, ఈయన మధ్యలో ఉన్నాడు కాబట్టి పడవ చదునుగా పోయేది. పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని రేవుకొచ్చేవాడు. మావయ్యగారికి ఉత్తరం రాశాడు. ఆయన బాపట్లలో కనబడిన ప్రతివాణ్ణీ ఆపి, మావాడు ఏట్లో కారు నడుపుతున్నాడని చెప్పుకున్నారట.

ఎండాకాలం వచ్చింది. ఏరు బాగా తగ్గి ఎక్కడికక్కడ ఇసుక తేలింది. ఒక మధ్యాహ్నం లంకలోంచి కబురు, తొలి కాన్పు, నొప్పులు మొదలై చాలాసేపైందని. వెళ్ళాం. లంకల్లో ఒక పద్ధతుంది. కదల్లేని మనిషిని చేతుల మీద మోసుకురారు, పడుకున్న నులకమంచంతో సహా ఎత్తుకొచ్చి పడవలో దించుతారు. నలుగురు మంచం భుజాన వేసుకుని నీళ్ళలోకి దిగారు. దించబోతే దిగలేదు. సరిగ్గా మంచం పట్టాల్సిన చోట మా స్టీరింగు పెట్టె ఉంది.

పొడుగ్గా పెట్టి చూశారు, అడ్డంగా పెట్టి చూశారు. చివరికి ఆ పిల్లని మంచం మీంచి లేపి, పెట్టెకి ముందున్న కాస్త చోటులో మోకాళ్ళు ముడిపించి కూర్చోబెట్టాం. నొప్పులు పడే మనిషిని అలా కూర్చోబెట్టడం ఎంత పాపమో నర్సుని నాకు తెలీదా? ఆ పిల్ల నా మోచెయ్యి పట్టుకుని, "అక్కా, పడుకోబెట్టక్కా" అంటోంది. ఎక్కడ పడుకోబెట్టను?

నడి ఏట్లోకి వచ్చాక ఇంజను కింద పంకా ఇసకలో దిగబడింది. పిడి పట్టుకుని ఇంజను పక్కనే కూర్చున్నవాడైతే నేల తగలబోతుండగానే ఇంజన్ని చేత్తో పైకి లేపేసేవాడు. ఈయన మధ్యలో ఉన్నాడు. లేచి వెనక్కి పరిగెత్తేసరికి పడవ పక్కకి ఒరిగింది, స్టీరింగు తీగ తెగింది. ఆయన నీళ్ళలోకి దూకి, నడుంలోతు నీళ్ళలో పడవని తోసుకుంటూ ఇసక దాటించాడు. ఆ తోస్తుండగానే, ముడుచుకు కూర్చున్న ఆ పిల్ల నా చేతుల్లో ప్రసవించింది. ఆడపిల్ల. చాలాసేపు ఏడవలేదు. వీపు మీద రుద్దుతూ నేను తెలిసిన దేవుణ్ణల్లా పిలిచాను. చివరికి ఏడ్చింది, తల్లీ దక్కింది. ఒడ్డుకొచ్చాక మా ఆయన ఆ తడి బట్టలతోనే రేవులో కూలబడి, తల పైకెత్తలేదు.

మర్నాడు స్పానరు తీసుకుని ఆ పెట్టె ఊడదీశాడు. ఎవరూ చెప్పలేదు, డాక్టరమ్మగారు కూడా ఒక్క మాటనలేదు. ఊడదీశాక నా దగ్గరకొచ్చి, "నాన్నకేం చెప్పనే?" అన్నాడు. ముప్పై దాటిన మనిషి, చిన్నపిల్లాడి మొహం పెట్టి. రాయకండి, ఆయనకెలా తెలుస్తుంది అన్నాను. అబద్ధాలు నేర్పడంలో నేనేం తక్కువదాన్ని కాదు.

ఇంతలో మావయ్యగారే దిగారు. నెల తిరక్కుండానే, తెల్ల పంచె కట్టుకుని, ఏట్లో కారు చూడ్డానికి బస్సెక్కి వచ్చేశారు. రేవు దగ్గర పడవని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు.

"స్టీరింగేదిరా?"

"తీసేశాను నాన్నా."

నేను అడ్డుపడి మంచం సంగతీ, ఆ పిల్ల సంగతీ గబగబా చెప్పుకొచ్చాను. ఆయన విన్నారో లేదో తెలీలేదు. ఆ పూట లంకకి మందులు పట్టుకెళ్ళాలి. ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోతారేమోనని నేను చూస్తూనే ఉన్నాను. పంచె ఎగ్గట్టి పడవెక్కారు. ముందు నా పక్కన చోటుంది, కూర్చోండి మావయ్యా అన్నా కూర్చోలేదు. వెనక్కెళ్ళి కొడుకు పక్కన కూర్చున్నారు.

మా ఆయనకి పిడి ఇంకా అలవాటు కాలేదు. పడవ అటూ ఇటూ వంకర్లు పోతోంది. తండ్రి పక్కనుండేసరికి పిడిని ఇంకా బిగించి పట్టాడు, మణికట్టు నరాలు పైకి తేలాయి. సగం ఏరు దాటాక మావయ్యగారు నెమ్మదిగా అన్నారు.

"అంత బిగబట్టకురా, భుజం పట్టేస్తది. వదులుగా పట్టుకో. నీళ్ళెటు లాగుతున్నాయో చేతికే తెలుస్తది."

అని, కాయలు కాసిన తన చెయ్యి తీసుకెళ్ళి కొడుకు చేతి మీద వేశారు. మా ఆయన ఏరు వైపే చూస్తూ ఏడ్చాడు. పడవ వంకర్లు మానేసింది. లంక రేవు తగిలేదాకా మావయ్యగారు చెయ్యి తియ్యలేదు.